క్వారీ నీళ్లలో తాడు గుంజిందెవరు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మా అమ్మకు ఉండేది, ప్రార్థన చేసి వాటిని వెళ్లగొట్టొచ్చనే నమ్మకం కూడా ఉండేది. నేను మాత్రం వరంగల్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుని బతుకుతున్నాను. మీరు ఇది నమ్మి తీరాలని కూడా అడగను.

విశాఖలో స్కూబా డైవింగ్ నేర్చుకుని వచ్చాక కాలేజీ పిల్లలు నా వెంటపడ్డారు. "సార్, వైజాగ్ దాకా ఎందుకు, మన దగ్గర్ల ఏదన్న స్పాట్ సూడుండ్రి" అని ఒకటే గోల. పాకాల చెరువులో మొసళ్లు. మిగతా చెరువుల్లో దిగితే మన చెయ్యి మనకే కనపడదు. చివరికి నెక్కొండ వైపు, పని ఆపేసిన గ్రానైట్ క్వారీ ఒకటి దొరికింది. గుంత నిండా నీళ్లు, పైనుంచి చూస్తే తేటగా ఉన్నాయి. పిల్లల్ని తీసుకుపోయే ముందు నేను దిగి చూడాలనుకున్నాను.

డైవింగ్‌లో ఒంటరిగా దిగకూడదు. తెలిసే, ఒక మధ్యాహ్నం దిగాను. నడుముకు నైలాన్ తాడు కట్టుకుని, రెండో కొస గట్టు మీద మా బామ్మర్ది ప్రభాకర్ చేతికిచ్చాను. వాడికి ఈత రాదు.

ఈ తాడు అలవాటు మా మేనమామ నుంచి వచ్చింది. నర్సంపేట దగ్గర ఆయన పొలం బావిలో, నడుముకు తాడు కట్టే నాకు ఈత నేర్పాడు. తాడు గుంజితే కాళ్లూ చేతులూ వదిలేయాలి, కొట్టుకోకూడదు. ఆయన కుడి భుజం ఎప్పుడో బండి మీంచి పడి దెబ్బతింది. అందుకే ఒక్క ఊపున గుంజలేక, కొంత గుంజి, ఆగి, మళ్లీ గుంజేవాడు. గట్టెక్కించగానే ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "నీళ్లు మింగినవారా?"

క్వారీ అడుగున ఒక బండ కింద సందు కనిపిస్తే దూరాను. పేరుకుపోయిన రాతిపొడి నా కాళ్ల తాకిడికి లేచింది. ఇక ఏమీ కనపడలేదు. ఎటు తడిమినా రాయే. సిలిండర్‌లో గాలి అయిపోవస్తోంది. చచ్చిపోతానని భయమేసింది.

అప్పుడు నడుము దగ్గర తాడు బిగిసింది. కొంత గుంజి, ఆగి, మళ్లీ గుంజింది. నేను కాళ్లూ చేతులూ వదిలేశాను. ఆలోచించి చేసిన పని కాదు. బండకు వీపు ఒరుసుకుంటూ వెనక్కి వచ్చి, వెలుతురు చూసి, పైకి తేలాను.

గట్టు మీద ప్రభాకర్ ఏడుస్తున్నాడు. వాడి చేతిలో మూరెడు తాడు ఉంది.

"నువ్వు దిగినంక జరసేపటికే రాయంచుకు ఒరుసుకొని తెగింది బావా. నేనేం గుంజలే. యేసయ్యా అని మొత్తుకుంట నిలబడ్డ."

మిగతా తాడంతా నా నడుముకే వేలాడుతోంది. దాని కొసకు ఏమీ లేదు.

విశాఖలో నాకు నేర్పినతను ఫోన్‌లో అంతా విని, డైవింగ్‌కి తొడుక్కునే జాకెట్‌లోని గాలి నన్ను తేల్చి ఉంటుందన్నాడు. గాలి పైకి తేలుస్తుంది, ఒప్పుకుంటాను. సందులోంచి వెనక్కి లాగదు. తాడు రాళ్ల మధ్య ఇరుక్కుందనుకున్నా, ఇరుక్కున్న తాడు ఆపుతుంది కానీ గుంజదు. పిల్లలకు మాత్రం మన దగ్గర్లో స్పాట్లేవీ లేవని చెప్పేశాను. బద్ధకమనుకుంటున్నారు, అనుకోనీ.

నాకు అసలు అంతు చిక్కనిది ఆ తర్వాత జరిగింది. ఆ సాయంత్రం తిరిగొస్తూ మామను చూద్దామని నర్సంపేటలో ఆగాను. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన మంచం మీదే ఉంటున్నాడు. క్వారీకి వెళ్తున్నట్టు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను వెళ్లేసరికి అత్తమ్మ ఆయన అరచేతులకు కొబ్బరినూనె రాస్తోంది.

"మద్యాన్నం సంది చేతులు మండుతున్నయంటాండు. మంచం దిగనోనికి చేతులెట్ల మండుతయో!" అంది.

మామ మెల్లగా నా వైపు తిరిగాడు.

"నీళ్లు మింగినవారా?"

"లే మామా" అన్నాను. అంతకుమించి అడగడానికి ధైర్యం చాలలేదు. ఇప్పటికీ చాలడం లేదు.