సగం వెలిసిన అట్ట

జగ్గయ్యపేట బస్టాండు ఎదురుగా ఉన్న పత్రికల కొట్టు జాయిస్‌ది. కొట్టంటే నాలుగు చెక్కలు, పైన ఒక రేకు, ముందు వరసగా కట్టిన నైలాన్ తాళ్లు. వాటికి బట్టల క్లిప్పులతో వారపత్రికలు, భక్తి పత్రికలు, ఉద్యోగాల పత్రికలు వేలాడుతుంటాయి. ఒక పత్రిక అట్టను సగం దాకా పక్క పత్రిక కప్పేలా తగిలించడం ఆమె మామగారు డేవిడ్‌రాజు పెట్టిన పద్ధతి. చోటు కలిసొస్తుంది, పేర్లన్నీ కనిపిస్తాయి.

డేవిడ్‌రాజుకు చూపు మందగించాక కొట్టు కోడలి చేతికి వచ్చింది. జాయిస్ నందిగామలో బీఎస్సీ చదివి, పెళ్లయ్యాక ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేది. కూతురు సూసన్ పుట్టింది. పసిపిల్లల్ని చూసుకునే చోటికి వెళ్లి, పాలసీసాలు కాగిన నీళ్లతోనే కడుగుతున్నారా అని అడిగితే అక్కడి ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు జాయిస్‌కి నచ్చలేదు. ఉద్యోగం మానేసింది. కొట్టయితే పిల్ల కళ్లముందే ఉంటుంది. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ లారీలు దూసుకుపోయే రోడ్డది. అందుకని చున్నీ ఒక కొస పిల్ల నడుముకు, రెండో కొస బల్ల కోడుకు కట్టి కూర్చునేది.

డేవిడ్‌రాజు కాలంలో బస్సు కోసం ఆగినవాళ్లు పత్రిక తీసి తిరగేసేవాళ్లు. నచ్చితే కొనేవాళ్లు, లేకపోతే మళ్లీ తగిలించేవాళ్లు. జాయిస్‌కి అది గిట్టలేదు. సీరియల్ మొత్తం నిలబడే చదివేసి పోతున్నారని ఆమె అనుమానం. స్టేప్లర్ తెచ్చి ప్రతి పత్రిక అంచుకూ పిన్ను కొట్టేసింది.

"చూడకుండా ఎవరు కొంటారమ్మా? బెండకాయ కొస తుంచి చూడందే తీసుకుంటారా?" అన్నాడు డేవిడ్‌రాజు.

"అలా తుంచి పారేసినవి ఎవరు కొంటారు మావయ్యా?" అంది జాయిస్.



ఆ తర్వాత, మామూలుగా వచ్చేవాళ్లు ఒక్కొక్కరే రావడం మానేశారు. రిటైరైన ఉమాకాంతం మాస్టారొక్కరు మాత్రం వస్తున్నారు. చూడామణి గారయితే ఆడవాళ్ల వారపత్రిక రావడం ఆలస్యమైతే కొట్టు దగ్గరే నిలబడి బస్సు కోసం చూసే మనిషి. ఆవిడా కనిపించడం లేదు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ జాయిస్ ఆవిడ గేటులోంచి చూసింది. వరండాలో కుర్చీ మీద ఆ వారం పత్రిక! తన దగ్గర కొనలేదు. ఊళ్లో ఇంకో పత్రికల కొట్టు లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది?

నందిగామ పత్రికల ఏజెంటు శాంతికుమార్ గుర్తుకొచ్చాడు. కట్ట కట్టి పొద్దున బస్సులో డ్రైవరు పక్కన పెట్టి పంపేది ఆయనే. ఈ మధ్యే, మీ రెగ్యులర్ వాళ్లు ఏయే వీధుల్లో ఉంటారమ్మా అని అడిగాడు కూడా. అప్పుడు మామూలుగా అనిపించిన మాట ఇప్పుడు చక్కగా అతికింది. ఇంటికి వెళ్లగానే ఫోన్ చేసింది.

"వందనాలంకుల్. మా ఊళ్లో ఇళ్లకి మీరే నేరుగా వేయిస్తున్నారా?"

"ఎవరన్నారమ్మా?"

"ఒకరు అనేదేంటి, కళ్లారా చూసా."

"నన్ను చూసావా?"

"పత్రికని చూసా. నా దగ్గర కొనలేదు. మరి ఎగిరొచ్చిందా? మా వాళ్ల వీధులు మీకెందుకండి?"

"ఉగాదికి క్యాలెండర్లు వస్తాయి, ఏ వీధిలో ఎందరున్నారో తెలిస్తే ఎన్ని పంపాలో లెక్క తేలుతుందని అడిగానమ్మా!" ఆయన గొంతు మారింది. "మీ మావయ్యకి ఇన్నేళ్లు కట్ట వేశా, ఒక్క మాట పడలా. నమ్మకం లేనిచోట నేను వెయ్యను. వచ్చేవారం నుంచి బస్సులో వెతుక్కోకు."

కట్ట రాకపోతే కొట్టు లేదు. కొట్టు లేకపోతే తను మళ్లీ స్కూలుకి, సూసన్ ఆ పాలసీసాల ఆవిడ దగ్గరికి. అయినా, దొరికిపోయాడు కాబట్టే ఇంత కోపం అనుకుంది. రుజువు ఉంటే కట్ట ఆపలేడు కదా. పిల్లను చంకనేసుకుని చూడామణి గారింటికి నడిచింది.

"రా జాయిసూ! ఏంటిలా ఎండలో, పిల్లనేసుకుని?" అంటూ ఆవిడ మంచినీళ్లకు లోపలికి వెళ్లింది. జాయిస్ గభాలున పత్రిక అందుకుంది.

అట్ట ఒక పక్క సగం వెలిసిపోయి ఉంది. రెండో సగం కొత్తగా మెరుస్తోంది. మధ్యలో గీత గీసినట్టు తేడా. కొట్టుకు సాయంత్రం ఎండ కొడుతుంది. పక్క పత్రిక కప్పిన సగం రంగు నిలుస్తుంది, బయటికున్న సగం పాలిపోతుంది. నందిగామ నుంచి నేరుగా వస్తే అట్టంతా ఒకే రంగులో ఉండాలి. అంచున పిన్ను చిల్లులు కూడా ఉన్నాయి. ఇది తన తాడు మీద వేలాడిన పత్రికే.

"అది ఉమాకాంతం మాస్టారు కొన్నదమ్మా," అంది చూడామణి గ్లాసు అందిస్తూ. "ఆయన చదివి మాకిస్తారు, మేం ఎదురింటికి. గుడ్డసంచిలో పెట్టి గేటుకి తగిలిస్తాం. వీధంతా తిరుగుతుంది."

"ఇదివరకు ఎవరిది వాళ్లు కొనేవారుగా అండీ?"

"నువ్వు పిన్ను కొట్టకముందు కొన్నాం. కొట్టాక కూడా ఒకటి కొన్నా. ఆ పిన్ను పీకబోతే సాంబారు పొడి దగ్గర పేజీ చినిగింది. మెంతులెన్నో ఆ ముక్కలో పోయింది. ఉజ్జాయింపున వేశా. ఆ చేదుకి మా ఆయన మొహం ఇంకా సర్దుకోలా."

"నన్ను అడిగితే ఇంకో పత్రిక ఇచ్చేదాన్నిగా!"

"నిన్నా? పత్రిక మీద చెయ్యేస్తే, నీ పిల్లని ఎత్తుకుపోతున్నట్టు చూస్తావు కదే తల్లీ!"

గేటు బయటే నిలబడి జాయిస్ ఫోన్ చేసింది. శాంతికుమార్ ఎత్తలేదు. మళ్లీ చేస్తే ఎత్తాడు.

"తప్పు నాదే అంకుల్. అది మా తాడు మీద పత్రికే. అట్ట సగం వెలిసింది."



"డేవిడ్‌రాజు తగిలించే పద్ధతే అంత," అన్నాడాయన.

"కట్ట వేస్తారా అంకుల్?"

"చూస్తా," అని పెట్టేశాడు.

చూస్తానంటే వేస్తాడనా, వెయ్యడనా? వారమంతా జాయిస్ ఆ ఒక్క మాటనే అటూ ఇటూ తిప్పింది. కట్ట రావాల్సిన రోజు బస్సు పూర్తిగా ఆగకముందే పరుగెత్తింది. డ్రైవరు పక్కన ఏమీ లేదు.

"సీటు కింద తొయ్యాల్సొచ్చిందమ్మా, ఇవాళ పెద్దది," అంటూ డ్రైవరు కట్ట లాగాడు. పైన పురికొసతో బిగించి క్యాలెండర్ల చుట్ట ఉంది.

ఆ పూట జాయిస్ స్టేప్లర్ తీయలేదు. తగిలించడం అయ్యేసరికి, క్యాలెండరు వచ్చిందని ఎవరు చెప్పారో ఏమో, చూడామణి గారు ప్రత్యక్షమైంది. పత్రిక తీసి, తిన్నగా వంటల పేజీకి వెళ్లి, అక్కడే నిలబడి చదవసాగింది. ఒక పేజీ అయింది. తిప్పి ఇంకోటి మొదలుపెట్టింది. ఈవిడ ఇక్కడే అంతా చదివేసి పోతుందేమో. జాయిస్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పెదాలు సాగదీసి కూర్చుంది.

"నవ్వుతున్నావా, పన్ను నొప్పా?" అంది చూడామణి తల ఎత్తకుండానే. పత్రిక మూసి, పట్టుకోమని సూసన్ చేతికిచ్చి, డబ్బుల కోసం చేతిసంచి తెరిచింది.