కాంటా సారు చెప్పిన తొమ్మిది ఎపిసోడ్లు

మా పెద్దబాపు పోయాడన్న కబురు పొద్దున పదిన్నరకు వచ్చింది. నిజామాబాద్ బస్టాండు దగ్గర నా జిరాక్స్ దుకాణంలో మిషన్ మూత ఎత్తి, లోపల ఇరుక్కున్న కాగితాన్ని లాగుతున్నాను. ఫోన్లో పెద్దమ్మ. "ఛాయ్ తాగిండు. గిలాస కింద పెట్టిండు. గంతే బిడ్డా" అంది. ఏడవలేదు. "నువ్వు రా" అని పెట్టేసింది. ఎదురుగా నిలబడ్డ మనిషికి ఇవ్వాల్సిన కాపీలు ఇచ్చేసి, షట్టరు దించి, బోధన్ బస్సెక్కాను.

ఆయన మా బాపుకు అన్న. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో కాంటా దగ్గర పనిచేసేవాడు. చెరుకు బండ్లు, ట్రాక్టర్లు, లారీలు ఆయన ముందు ఆగి తూకమయ్యాకే లోపలికి పోయేవి. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన చేసిన పని ఒక్కటే, నడక. పొద్దున ఫ్యాక్టరీ గేటు దాకా, సాయంత్రం ఇంకోసారి. ఇంట్లో ఉంటే వాకిట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి. కూర్చుని అన్నం తినడం కూడా ఆయనకు శిక్షే, నాలుగు ముద్దలకు ఒకసారి లేచేవాడు. "కుదురుగ కూసోరాదు?" అని పెద్దమ్మ అంటే, "కూసుంటె ఆలోచన వస్తది. నడిస్తె పోతది" అనేవాడు.

అలాంటి మనిషి గంటలకు గంటలు సిరీస్‌లు చూస్తాడని ఎవరనుకుంటారు?

మూడేళ్ళ కింద పింఛను కోసం బతికి ఉన్నట్టు సర్టిఫికెట్ తీసుకోవడానికి నా దుకాణానికి వచ్చాడు. సర్వర్ పనిచేయడం లేదు. నేను కౌంటర్ వెనక ఫోన్లో ఒక సిరీస్ చూస్తున్నాను. సముద్రం పక్క ఊళ్ళో ఒక ఆడమనిషి. ఆమె భర్త ఓడలో ఇంజనీరు. ఓడ తిరిగొస్తుంది, అతను రాడు, అతను రాసిన ఉత్తరమూ కనబడదు. నేను చూస్తున్నది మూడో ఎపిసోడ్. పెద్దబాపు రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరిగి, చివరికి నా భుజం మీదుగా వంగి చూడడం మొదలుపెట్టాడు. పావుగంట తర్వాత అన్నాడు:

"గా అత్త ఉన్నది సూడు, ఉత్తరం ఆమెనే దాసింది."

"నీకెట్ల తెలుసు?"

"ఛాయ్ పోసేటప్పుడు కోడలి దిక్కు సూడలే. కప్పు దిక్కు సూసింది."

ఆరో ఎపిసోడ్‌లో అత్త బీరువాలోంచి ఉత్తరం బయటపడింది. నేను వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. "బండి కాంటా ఎక్కుతుంటె నేను చెరుకు దిక్కు ఎన్నడు సూడలే బిడ్డా. నడిపేటోని మొఖం సూసెటోన్ని. బరువుకని చెరుకు కింద బండలు పెట్టినోడు నా దిక్కు సూడడు" అన్నాడు. ఇంకోసారి, "ట్విస్టు అంటే లేనిది తెచ్చి పెట్టుడు కాదు. ముందుగాల మన కండ్ల ముందట ఉన్నదే. మనమే సూడలే" అన్నాడు. ఆ మాట తర్వాత నాకు చాలాసార్లు గుచ్చుకుంది.

ఆ సిరీస్ మొదటి సీజన్ ఎలా ముగిసిందో చెప్పాలి. బయట వాన. ఎవరో తలుపు కొడతారు. ఆమె పరుగెత్తుకొచ్చి గడియ తీస్తుంది. తలుపు తెరుచుకుంటుంది, తెర నల్లగా అయిపోతుంది. అంతే. రెండో సీజన్ ఉంటుందో ఉండదో ఎవరికీ తెలియదు. తలుపు బయట ఎవరున్నారన్నదాని మీద మాలాంటి వాళ్ళు ఎంతమంది కొట్టుకున్నారో! అలా కొట్టుకోవడానికే మా వాట్సాప్ గ్రూపు పుట్టింది. పేరు 'మళ్ళా ఎప్పుడు?' నిజామాబాద్‌లో బేకరీ నడిపే భాయ్ మొదలుపెట్టాడు. మోర్తాడ్‌లో పసుపు పండించే ఒక అక్క, ఆర్మూర్ నుంచి కొందరు, మొత్తం ముప్పై మందికి పైగానే చేరారు. నేనూ పెద్దబాపూ తప్ప ఎవరూ ఎవరినీ చూడలేదు. టైపు చేయడం చాలామందికి విసుగు, అందుకని అన్నీ వాయిస్ మెసేజీలే. భాయ్ మాట్లాడితే వెనక ట్రేలు చప్పుడయ్యేవి. పెద్దబాపు మాట్లాడితే నడుస్తున్న చెప్పుల చప్పుడు, మధ్యలో పెద్దమ్మ కుక్కరు కూత. గ్రూపులో ఆయన పేరు కాంటా సారు.

రెండేళ్ళు పుకార్ల మీద బతికాం. షూటింగు మొదలైందని ఒకరు, ఆపేశారని ఇంకొకరు. ఎవరు ఏ వార్త పెట్టినా గ్రూపంతా ఎగిరేది, మర్నాటికి చల్లబడేది. పెద్దబాపు ఒక్కడే వీటిని నమ్మేవాడు కాదు. మా బోధన్‌లో సీజన్ అంటే చెరుకు ఆడే కాలం. "ఈ సీజన్‌కు తెరుస్తరట అనే మాట నేను ఎన్నేండ్లు ఇన్ననో మీకు తెల్వదు. ఆ 'అట' ఉన్నదే, గది మనిషిని నిలబడనియ్యదు, పండుకోనియ్యదు" అనేవాడు.

చివరికి ఒకరోజు ఆ సిరీస్ వాళ్ళే ప్రకటించారు, రెండో సీజన్ లేదని. మోర్తాడ్ అక్క నిజంగా ఏడ్చింది. "గా తలుపు కాడ ఎవరో చెప్పి సావరాదు!" అని తిట్టింది. ఆ సాయంత్రం ఐదింటికి కాంటా సారు మెసేజి వచ్చింది.

"వాళ్ళు తెరువకపోతె మనం ఊకుంటమా? నేను చెప్త. ఇనుండ్రి. తలుపు తీసింది. బయట ఉన్నది మొగడు కాదు. మొగని సంచి పట్టుకొని, ఓడల పనిజేసే ఒక ముసలి కళాసి నిలవడ్డడు..."

అలా మొదలుపెట్టాడు. రోజు విడిచి రోజు, ఛాయ్ తాగాక, వాకిట్లో నడుస్తూ ఒక ఎపిసోడ్ చెప్పేవాడు. సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట ఆపేవాడు. గ్రూపులో యుద్ధాలు జరిగేవి. నేను ఐదు కాకముందే దుకాణంలో గిరాకీలను తొందరపెట్టేదాన్ని. "మీ సారు ఇవాళ చెప్తడా?" అని భాయ్ మధ్యాహ్నం నుంచే అడిగేవాడు. "కళాసి అబద్ధం చెప్తున్నడు, పక్కా" అని అక్క పొలంలోంచి గాలిహోరులో అరిచేది. సిరీస్ కంటే పెద్దబాపు చెప్పిందే బాగుందని అందరం ఒప్పుకున్నాం.

తొమ్మిదో ఎపిసోడ్ దాకా.

ఆ ఎపిసోడ్‌లో ఆమెకు తెలుస్తుంది, భర్త బతికే ఉన్నాడని. ఇంకో రేవులో, బాగానే. రావాలని లేదు, అంతే. ఆమె ఇంటికి వస్తుంది. అన్నేళ్ళుగా రింగు మోత పూర్తిగా పెంచి దిండు పక్కన పెట్టుకుంటున్న ఫోన్‌ను చేతిలోకి తీసుకుంటుంది. మిట్టమధ్యాహ్నం. ఫోన్ కట్టేసి, చాప పరుచుకుని పడుకుంటుంది. "కంటి నిండ నిద్రపోయింది. కథ అయిపోయింది" అన్నాడు పెద్దబాపు.

నేను దుకాణంలో నిలబడి విన్నాను. ఒళ్ళంతా మండిపోయింది. నా భర్త గల్ఫ్ వెళ్ళి ఆరేళ్ళు. మొదటి రెండేళ్ళు ఫోన్ చేశాడు. తర్వాత లేదు. అక్కడి నుంచి తిరిగొచ్చిన వాళ్ళు చూశామన్నారు, మంచిగనే ఉన్నాడన్నారు. మోత పెంచిన ఫోన్ దిండు పక్కన పెట్టుకుని పడుకునేది నేను. ఆ సంగతి తెలిసింది పెద్దబాపుకు, పెద్దమ్మకు మాత్రమే. నా బతుకు ఎత్తుకెళ్ళి ముప్పై మందికి వినిపించాడు! గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. ఆయన ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండు నెలలు.

ఒక మధ్యాహ్నం ఆయనే దుకాణానికి వచ్చాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది.

"ఏం కావాలె?" అన్నాను, గిరాకీని అడిగినట్టు.

"ఒక జిరాక్స్ కావాలె" అన్నాడు. జేబులోంచి ఒక కార్డు తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఫ్యాక్టరీ గేటు పాసు. అంచులు అరిగిపోయి ఫొటోలో మొహం తెలియడం లేదు.

"దీనికి జిరాక్స్ ఎందుకు?"

"ఇది రోజు జేబుల ఏసుకొనే తిరుగుతున్న బిడ్డా. గేటు తెరిస్తె మొదటోన్ని నేనే ఉండాలె అని. కరీంనగర్ దిక్కు ఇంకో కాంటాల పనికి పిలిచిండ్రు, రెండుసార్లు పిలిచిండ్రు. మీ పెద్దమ్మ సామాను గూడ సదురుకున్నది. నేనే పోనియ్యలే. ఇది తెరుస్తరు గదా అన్న." అప్పుడు కూడా కాళ్ళు నిలకడగా లేవు. "గా చాప మీద పండుకున్నది నువ్వు కాదు. నేను. నాకు గట్ల పండుకోవాలని ఉండె. మగోన్ని పెట్టి చెప్తె నోరు రాలే, ఆమె మీద పెట్టి చెప్పిన."

"మరి నా ఫోన్ ఎందుకు తీస్కున్నవ్?"

ఆయన తల దించుకున్నాడు. "గది తప్పే. అడగాల్సి ఉండె. నాకు అంతకంటె పెద్ద ఎదురుసూపు ఇంకోటి తెల్వదు, గందుకే తీసిన."

కోపం పూర్తిగా పోలేదు, కానీ ఆ కార్డును చేతిలోకి తీసుకున్నాను. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి అడిగాడు: "లేసినంక ఆమె ఏం జేస్తదో నాకు తెలుస్తలేదు బిడ్డా. నాలుగు దినాలాయె తిరుగుతున్న, దొరుకుతలేదు. నువ్వు చెప్తవా?"

మర్నాడు నేనే ఫోన్ చేశాను. "లేసి అన్నం వండుకుంటది. ఒక్కదానికే" అన్నాను.

"గింతేనా? ట్విస్టు లేదా?"

"గదే ట్విస్టు."

"ఛ! ఆమె బస్సెక్కాలె. ఊరు ఇడువాలె."

"ఎందుకు ఇడువాలె? ఇల్లు ఆమెది."

ఆయన ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. మళ్ళీ గ్రూపులో చేరాను, వాదన అక్కడికీ పాకింది. అక్క నా వైపు, భాయ్ ఆయన వైపు. పదకొండు రోజులు సాగింది. చిన్నప్పటి నుంచి ఆయన నన్ను ముద్దు చేశాడు, మందలించాడు, బడి దాకా సైకిల్ మీద తీసుకెళ్ళాడు. సమానంగా వాదించింది మాత్రం ఆ పదకొండు రోజులే. ఆయన పోయే ముందు సాయంత్రం కూడా, "నీకు కథలు తెల్వయి, అన్నం వండుడే తెలుసు" అని నవ్వి ఫోన్ పెట్టేశాడు.

ఆయన పోయాక ఒక మధ్యాహ్నం నేను ఫోన్ కట్టేసి చూశాను. పావుగంట ఉండగలిగాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, మళ్ళీ ఆన్ చేసి ఎవరైనా చేశారేమోనని చూసుకున్నాను.

ఆయన పోయిన కబురు నేనే గ్రూపులో పెట్టాను. పోయిన పదకొండో నాడు బోధన్‌లో, బంధువుల భోజనాలు అయిపోయే వేళకు, గల్లీలో కొత్త మనుషులు కనబడ్డారు. ఒకరికొకరు ఎడంగా, గోడ నీడన నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు. ఎవరిని అడగాలో తెలియక బెరుకుగా ఉన్నారు. నేను బయటికి వెళ్ళి "ఎవరు కావాలె?" అన్నాను. బిస్కెట్ల డబ్బా పట్టుకున్న సన్నటి మనిషి ముందుకొచ్చి, "కాంటా సార్ ఇల్లు గిదేనా?" అన్నాడు. అంతే, నాలుగు మొహాలు ఒక్కసారి తిరిగాయి. "భాయ్, నువ్వా? లావుగ ఉంటవనుకున్న!" అంది పసుపు రంగు పట్టిన వేళ్ళతో ఒకామె. ఆ గొంతు వినగానే మోర్తాడ్ అక్కను గుర్తుపట్టాను.

పెద్దమ్మ అందరినీ లోపలికి పిలిచి అన్నం పెట్టించింది. వాళ్ళు తింటుంటే మెల్లగా ఆమెను అడిగాను: "కరీంనగర్ సంగతి నీతోని ఎన్నడన్న అన్నడా పెద్దమ్మా? తప్పయిందని?"

"నాతోని అంటడా? ఫోన్‌కు చెప్పిండు" అంది. "నేను వంటింట్ల కూసొని అన్ని ఇన్న. తొమ్మిది. ఆఖరిది ఇన్ననాడు పొయ్యి మీద పప్పు మాడింది." చెంగుతో మొహం తుడుచుకుని, భాయ్ విస్తరిలో ఇంకో గరిటె వేయడానికి వెళ్ళింది.

పొద్దు వాలాక వాళ్ళంతా బయల్దేరారు. ఇంకో రెండు అడుగులు వేసి వెళ్ళిపోవాల్సిన వాళ్ళు గల్లీ మధ్యలో ఆగిపోయారు. కథలో ఆమె బస్సెక్కుతుందా, ఇంట్లోనే ఉంటుందా? ఎవరు మొదలుపెట్టారో గానీ, చేతులు ఊపుతూ, ఒకరి మాట ఒకరు వినకుండా మొదలుపెట్టారు. పక్కింటి వాళ్ళు కొట్లాటేమోనని తలుపులు తెరిచి చూశారు. ఆ మొహాలు నాకు ఇంకా కొత్తగానే ఉన్నాయి, ఎవరు ఎవరో తికమక. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. అప్పుడు అందరూ తెలిసినవాళ్ళే. అలా మాట్లాడుకుంటూనే వాళ్ళు బస్టాండు వైపు నడిచారు. మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా మోర్తాడ్ అక్క గొంతు చాలాసేపు వినబడుతూనే ఉంది.