మా అమ్మకు దయ్యం పట్టలేదు

సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. జబ్బులు నయమైన సాక్ష్యాలు ఈ మందిరంలో ఎన్నో విన్నాం. నాది అలాంటిది కాదు. మా అమ్మ జబ్బు నయం కాలేదు, ఈ ఉదయం కూడా నా ముఖం చూసి "ఎవలు నువ్వు?" అని అడిగింది. అయినా దేవుడు మా ఇంట్లో విడుదల ఇచ్చాడని చెప్పడానికే మీ ముందు నిలబడ్డాను, ఆ విడుదల కావలసింది అమ్మకు కాదు, నాకు.

నేను ఇక్కడే కల్వకుర్తిలో ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను, ఆదివారాలు పిల్లలకు సండే స్కూల్ చెబుతాను. మా ఆయన లారీ మీద వెళ్తే నెలలో సగం రోజులు ఇంటికి రారు. అమ్మకు నేనొక్కదాన్నే సంతానం. ఆమె పుట్టింది ఆత్మకూరు దగ్గరి పల్లెలో, నాకు ఎనిమిదేళ్లప్పుడు ప్రభువును నమ్ముకుంది, బాప్తిస్మంలో బాలమ్మ పేరు శాంతమ్మ అయింది. ఆనాటి నుంచి ఆమె మోకాళ్ల మీద ఉండగానే నాకు తెల్లారేది. అలాంటి అమ్మ మూడేళ్ల కింద ఒకరోజు నా మిషను మీదున్న ఎర్ర సుద్దముక్క తీసుకుని, నీళ్లతో తడిపి, అద్దం ముందు నిలబడి నుదుట బొట్టు పెట్టుకుంది.

మొదట నవ్వుకున్నాను. మరుసటి రోజూ పెట్టుకుంది. శాంతమ్మా అంటే పలకడం మానేసింది, ప్రార్థనకు కూర్చోబెడితే లేచిపోయేది, పొద్దుగూకేసరికి చీర కొంగులో రెండు జాకెట్లు మూటగట్టుకుని "మా నాయిన చేనుకాడికెల్లి వచ్చే యాళ్లయింది, నేను ఇంటికి పోవాలె" అని గుమ్మం దిగేది. నలభై ఏళ్ల విశ్వాసం ఎటు పోయిందని తల్లడిల్లాను. ఈమె దేవుణ్ణి మరిచిపోతే రేపు దేవుడు ఈమెను ఏం చేస్తాడు? నన్ను తినేసిన భయం ఇదొక్కటే.

ఇప్పుడు నేను చేసిన పనులు చెబుతాను, సిగ్గుపడుతూనే చెబుతాను. సండే స్కూల్ పిల్లలకు కంఠత వాక్యాలు అప్పజెప్పించినట్టు అమ్మకూ రోజూ అప్పజెప్పించాను, రక్షకుడు ఎవరు, నీ పేరేంటి, నేనెవరు అని అడిగి, చెప్పకపోతే గొంతు పెంచాను. ఆమె నుదురు తడిగుడ్డతో రుద్ది రుద్ది కడిగాను, ఒకరోజు చర్మం కందిపోయింది, అమ్మ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని "కొట్టకు, మల్ల పెట్టుకోను" అంది. ఆ తర్వాత మూడు రోజులు ఉపవాసం పెట్టి, నాతో పాటు ఆమెనూ ఉంచాను. "ప్రభువా, మా అమ్మలో దూరిన ఈ ఆత్మను వెళ్లగొట్టు, మా అమ్మను నాకు తిరిగి ఇయ్యి" అని ఏడ్చి ప్రార్థించాను. ఆమెకు ఉపవాసమన్న మాటే గుర్తులేదు, ఆకలి మాత్రం తెలుస్తోంది, గంట గంటకూ వచ్చి "ఇంత బువ్వ పెడ్తవా" అని పరాయి ఇంట్లో అడిగినట్టు అడిగింది, నేను సాయంత్రం దాకా పెట్టలేదు. దేవుడు నన్ను క్షమించాడని నమ్ముతున్నాను, నన్ను నేను క్షమించుకోవడానికి ఇంకా కాలం పట్టేటట్టుంది.

మీలో కొందరు అమ్మ ఏదని అడిగారు, మోకాళ్ల నొప్పులని అబద్ధం చెప్పాను. ఆ బొట్టుతో ఆమెను మందిరానికి తేవడం నాకు నామోషీ. అందుకని ఆదివారాలు ఇంటికి తాళం వేసి వచ్చి, ఇక్కడ ముందు వరుసలో నిలబడి పాటలు పాడాను.

అలాంటి ఒక ఆదివారం ఇంటికి వెళ్లేసరికి మా పక్కింటి యాదమ్మ మా కిటికీ కింద బండరాయి మీద కూర్చుని ఉంది. మన సంఘం మనిషి కాదు, పొద్దున లేస్తే పత్తి చేను, సాయంత్రం బర్రెలు, అంతే ఆమె లోకం. ఊచల్లోంచి బయటకు వచ్చిన మా అమ్మ చెయ్యి ఆమె చేతిలో ఉంది.

"నిన్ను అనుడు నాకిష్టం లేదు పంతులమ్మా. గని ముసలామె పొద్దటి సంది ఏడుస్తాంది. గిట్ల తాళమేసి పోతె ఎట్ల?" అంది.

అమ్మకు దయ్యం పట్టిందని మొదటిసారి ఆమెతోనే పైకి చెప్పాను. యాదమ్మ అమ్మ చెయ్యి వదలకుండానే చెప్పింది.

"మా అత్తకు గూడ గిట్లనే అయింది. గాలి సోకిందని తాయెత్తులు గట్టిచ్చినం, ఏడాది ఆగమైనం. ఆఖరికి దవాఖానల చెప్పిన్రు, మెదడు జబ్బని. జర తీస్కపో, నేను గూడ వస్త."

చేను పని వదులుకుని మాతో పాటు మహబూబ్‌నగర్ వచ్చింది. అక్కడ డాక్టరమ్మ అమ్మకు రక్తపరీక్షలు, తల స్కానింగ్ చేయించి, చెవులు వినబడుతున్నాయో లేదో కూడా చూసి, దీన్ని డిమెన్షియా అంటారని, వయసు మీదపడితే అందరికీ వచ్చే మామూలు మరుపు కాదని, మెదడు కొద్దికొద్దిగా దెబ్బతినే జబ్బని చెప్పింది. నయం చేసే మందు లేదట, కానీ మంచిగా చూసుకుంటే మనిషి నెమ్మదిగా ఉంటుందట. కొత్త సంగతులు ముందు జారిపోతాయని, చిన్ననాటివి చాలా కాలం నిలుస్తాయని చెప్పినప్పుడు నాకు బొట్టు సంగతి అర్థమైంది. అమ్మ దేవుణ్ణి వదిలిపెట్టలేదు, దేవుణ్ణి ఎరగని వయసులోకి వెళ్లిపోయింది. "పరీక్షలు పెట్టకండి, మీరే మీ పేరు చెప్పండి. ఇంటికి పోతానంటే వాదించకండి, ఆ ఇంటి ముచ్చట్లు అడగండి" అని చెప్పి, చివరికి "మరి మిమ్మల్నెవరు చూసుకుంటున్నారు?" అని అడిగింది. అంతవరకూ ఆ మాట నన్నెవరూ అడగలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

మరుసటి ఆదివారం పాస్టరయ్యగారికి అంతా చెప్పాను. ఆయన ఆ సాయంత్రమే ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం తీసుకుని మా ఇంటికి వచ్చారు. అమ్మ నుదుట సుద్ద బొట్టు అలాగే ఉంది, నేను కడగలేదు. రొట్టె అందిస్తే "ఎవలు పంపిన్రు?" అని అడిగింది. "దేవుడు పంపిండమ్మా, నీ కోసమే" అన్నారాయన. అమ్మ రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని తిన్నది. వెళ్తూ ఆయన నాతో "జబ్బు ఆమెను కొంచెం దూరం తీసుకపోయింది. దేవునికి ఆ దూరం ఎంతమ్మా?" అన్నారు. నన్ను తినేసిన భయం ఆ సాయంత్రం నన్ను వదిలిపోయింది, దేవునికే మహిమ.

ఇప్పుడు మన సంఘం అక్కలు మంగళవారం, శుక్రవారం వచ్చి అమ్మ దగ్గర కూర్చుంటున్నారు, ఆ రెండు పూటలు నేను నిద్రపోతున్నాను, మిగతా రోజుల్లో యాదమ్మ బర్రెల పని కాగానే వచ్చి పాత పాటలు ఎత్తుకుంటే అమ్మ అందుకుంటుంది. కానీ బెంగ పోలేదు సహోదరులారా, మనిషి ఎదురుగా ఉండగానే ఆ మనిషి మీద బెంగ పెట్టుకోవడం ఎలా ఉంటుందో చెప్పలేను. మీ ఇళ్లలో ఇలాంటి పెద్దవారుంటే దాచకండి, డాక్టరుకు చూపించండి, మాకు చెప్పండి, ఇక్కడికి తీసుకురండి. ఆరాధన మధ్యలో లేచి మాట్లాడినా ఏమీ కాదు. మీరు మరిచిపోయినా ప్రభువు మిమ్మల్ని ఎరుగును, ఆయనను నమ్మండి.

మొన్న సాయంత్రం బట్టలకు గుండీలు కుడుతుంటే అమ్మ పక్కనే కూర్చుని చూస్తోంది. నాకెందుకో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె నా గదుమ పట్టుకుని "ఎందుకేడుస్తున్నవు, మీ అమ్మ లేదా?" అంది.

"ఉంది" అన్నాను.

"మరి పిల్వరాదు, వస్తది."

"అమ్మా" అని పిలిచాను.

"ఓ బిడ్డా" అని తనే పలికింది.