ఏటూరునాగారం దారిలో బండి కింద చప్పుడు

ఏడో నెల పడిన బిడ్డను మొదటి పురిటికి తెచ్చుకోవడానికి పొద్దున ఆరున్నరకు హసన్‌పర్తి నుంచి బయలుదేరాం, నేనూ నా భార్య సరోజా. మా మౌనికను ఇచ్చింది ఏటూరునాగారం. రెండున్నర గంటల దారి. ములుగు దాటాక చాలామటుకు అడవే. బస్సులో పిల్లకు ఇబ్బంది ఎందుకని మా పాత ఎస్‌యూవీనే తీశాను.

ఆత్మకూరులో టీ తాగి బండి కదిలిస్తే కింద 'టక్' మంది. గేరు మారిస్తే మళ్లీ 'టక్'.

"వెనక జాకీ ఎగురుతున్నట్టుంది," అన్నాను, నాకే నమ్మకం లేకుండా.

సరోజ కొత్తవాడలో మగ్గాల మధ్య పెరిగిన మనిషి. చప్పుడులో తేడా వస్తే ఇట్టే పట్టేస్తుంది. "జాకీ కాదు, గీకీ కాదు. గుంతల పడ్డప్పుడు వస్తలేదు. నువ్వు గేరు మార్చినప్పుడు, కాలు తీసి మళ్ల తొక్కినప్పుడే వస్తాంది," అంది.

గుంతల్లో రాని చప్పుడు గేరుకు వస్తోందంటే, అనుమానం వెనక చక్రాలను తిప్పే షాఫ్టు మీదే. ములుగులో ఒక షెడ్డు ముందు చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి కిందికి దూరాను. షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పితే వెనక జాయింటు వదులుగా ఆడింది. చుట్టూ ఎర్రటి తుప్పు పొడి.

మెకానిక్ ఖాజా భాయ్ కూడా వంగి చూశాడు. "జాయింటు లోపలి క్రాస్ పోయిందన్నా. నీళ్లల్ల దింపినవా?"

దింపకుండా ఎలా ఉంటాం? దసరాకు మా వాడ బళ్లన్నీ చెరువులోనే కడుగుతాం. ఇరుసు మునిగేదాకా దింపి, తళతళలాడించి, బంతిపూల దండ వేస్తాం. జాయింట్లలోకి నీళ్లు పోతాయని, మళ్లీ గ్రీజు కొట్టించాలని ఎవరికీ గుర్తుండదు.

"ఇట్లనే పోయి కడుపుతోని ఉన్న మా బిడ్డను తోల్కొస్తే ఏమైతది భాయ్?"

"క్రాస్ ఊడితే షాఫ్టు కిందపడతది. అడవిల, కడుపుతోని ఉన్న పిల్లతోని వద్దన్నా. ఫికర్ చెయ్యకు, జర కూసో. రెండు గంటల్ల ఇస్త."

విప్పేముందు జాయింటుకు రెండు వైపులా చాక్‌పీసుతో గీతలు పెట్టాడు. అదే తీరున బిగించకపోతే బండి వణుకుతుందట. మీరు ఈ దారిన వచ్చేట్టయితే, నీళ్లలో దిగిన బండికి గ్రీజు కొట్టించాకే కదలండి.

ఏటూరునాగారంలో మా వియ్యపురాలు "బిడ్డను తోల్కపోనీకి ఇంత లేటా?" అని దెప్పుతూనే నాటుకోడి కూరతో అన్నం పెట్టింది. మూడింటికి తిరిగి బయలుదేరాం.

చప్పుడు పోయింది, భయం పోలేదు. తాడ్వాయి అడవిలో పాటలు ఆపేసి, కిటికీ అద్దం దించి, ప్రతి గేరుకూ చెవి రిక్కించాను. పక్కన సరోజ నిద్రపోయింది. వెనక సీట్లోంచి మౌనిక ఏదో చెబుతోంది. నేను ఊ కొడుతున్నాను.

పస్రా దాటాక ఆ మాట ఆగిపోయింది. అద్దంలో చూస్తే ఏడుస్తోంది.

"ఏమైంది బిడ్డా? నొప్పా?"

"నొప్పి కాదు బాపూ. కాన్పంటే భయమైతాంది. అత్తగారింట్ల ఎవ్వలకు చెప్పలే. ఇందాకటి సంది నీకే చెప్తాన్న. నువ్వు బండినే వింటున్నవ్."

బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేశాను. పొద్దుటినుంచి ఆ పిల్ల కోసమే భయపడ్డాను, ఆ పిల్ల చెప్పింది ఒక్క ముక్కా వినలేదు. సిగ్గేసింది. వెనక్కి తిరిగి చెయ్యి పట్టుకున్నాను.

"మొదటి సంది చెప్పు బిడ్డా," అన్నాను.