బల్లకు చోటు దొరకని మైదానం

ఆ రోజుల్లో నాకు నాలుగు భాషలు వచ్చు, ఒక్క పనీ రాదు. ఇంట్లో తెలుగు, దుకాణాల్లో హిందీ, సంతలో దోర్లి, బస్సుల్లో హల్బీ, అడిగినవాళ్ళతోనూ అడగనివాళ్ళతోనూ వాగుతూ తిరిగేవాణ్ణి. (నేను బడి మానేశానని మావాళ్ళు అంటారు గాని, నిజానికి లెక్కల మాస్టారూ నేనూ పరస్పర అంగీకారంతో విడిపోయాం.) జాలిపడి టెంట్ హౌస్ సేఠు పనిలో పెట్టుకున్నాడు. షామియానా కింద నలుగురినీ నవ్వించే ఉద్యోగం అనుకున్నాను. ఆ నలుగురూ కూర్చునే కుర్చీలు మోసే ఉద్యోగమని మొదటి పెళ్ళిలోనే తెలిసింది.

మా ఊరు తెలుగు నేల సరిహద్దుకి అవతల, కొంటాకీ దోర్నపాల్‌కీ మధ్య, హైవేని ఆనుకుని ఉంటుంది. రోడ్డు పక్కనే సంత మైదానం. సంత లేని రోజుల్లో అక్కడ మేకలు తప్ప ఎవరూ కనిపించరు. అలాంటి ఒక రోజున ఎవరో వచ్చి కొలుచుకుపోయారు. కొన్నాళ్ళకి అక్కడ బిజినెస్ పార్కు కడతారని తెలిసింది. గోదాములు, ఆఫీసు గదులు, మేడ మీద దుకాణాలు, లారీలకు పార్కింగు. ఊరివాళ్ళ అభిప్రాయం విని అవునో కాదో తేల్చడానికి పట్టణ ప్రణాళిక అధికారి ఒకాయన వచ్చాడు. చంకలో ఎప్పుడూ చుట్ట చుట్టిన పటం, అదే నక్షా, ఉండేది కనుక ఆయనకి నక్షా సాబ్ అని పేరు పెట్టాను. జనం దొరుకుతారని సభని సంత రోజునే పెట్టారు. కుర్చీలు వెయ్యడమూ నాదే, సాబ్ హిందీని జనానికి చెప్పడమూ నాదే.

నక్షాలో పార్కింగు అని రాసినచోట మా పెద్దమ్మ కూర్చుని ఎండుచేపలు అమ్మేది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ చేపల బుట్టే. (నా నోటికి ఘాటు అక్కడినుంచే వచ్చిందని సేఠు అనేవాడు.)

"ఏందిరా, నా జాగల లారీలు పెడ్తరంట?" అంది సభకి ముందురోజు.

"నీకు మేడ మీద దుకాణమిస్తరంట పెద్దమ్మా. లారీలను పైకెల్లి చూడొచ్చు" అన్నాను.

ఆమె నవ్వలేదు. "మేడెక్కి ఎండుచేపలు కొనేటోడు ఎవడ్రా?" అంది.

మా సంతలో గీత గీసి ఉండదు, రాయి పాతి ఉండదు. అయినా తాతల నాటినుంచీ ఎవరి చోటు వాళ్ళదే. మనిషి జ్వరమొచ్చి రాకపోయినా ఆ చోట ఇంకొకరు బుట్ట దించరు. నేను తెలివిగా పెద్దమ్మ జాగాకి దూరంగా, చివరన పెద్ద బల్ల వేసి, తెల్ల గుడ్డ పరిచి, మైకు పెట్టాను. సాబ్ దాని మీద థర్మోకోల్ మేడల బొమ్మ ఉంచాడు. సాబ్ నోరు తెరవకముందే ఒక ముసలమ్మ వచ్చి బొమ్మని అటూ ఇటూ చూసి "ఎంతకిస్తవు?" అంది. సంతలో గుడ్డ మీద పెట్టిందేదైనా అమ్మకానికే కదా. "అది ఇంకా కట్టలేదమ్మా" అన్నాను. "కట్టకముందే అమ్మనీకి తెచ్చిండా?" అని మూతి తిప్పుకుని పోయింది.

అంతలో ఉప్పు తాత బస్తాతో వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. "బాబూ, ఈడ నేను ఉప్పు పోస్త." సాబ్ మర్యాదస్తుడు, "జరపండి" అన్నాడు. జరిపాను. అక్కడ గాజులామె నిలబడింది. మళ్ళీ జరిపాను. అక్కడ కోళ్ళవాళ్ళు. వెనక నక్షా పట్టుకుని సాబ్, ముందు బల్ల మోస్తూ నేను, మైకు తీగ పట్టుకుని సేఠు, మైదానమంతా ఊరేగాం. జనం మాత్రం నేను వరసగా వేసిన కుర్చీలను ఎవరికి వాళ్ళు ఎత్తుకుపోయి, తమ తమ చోట్ల వేసుకుని, కూరగాయల వెనక దర్జాగా కూర్చున్నారు. ఆ వైభవం వాళ్ళకి సంతలో ఎన్నడూ లేదు.

చివరికి నా చేతులు పడిపోతుండగా ఒక్క చోటే ఖాళీగా కనిపించింది, అదీ పెద్దమ్మది. అటువైపు నాలుగడుగులు వేశానో లేదో, పెద్దమ్మ బుట్టతో వచ్చేసింది.

"ఒక్క గంటే పెద్దమ్మా. నీ బిడ్డ లెక్క కాదా నేను?"

"బిడ్డవే. రా, నా ఒళ్ళ కూసో. బల్ల మాత్రం వద్దు."

సాబ్ చెమట తుడుచుకుంటూ నక్షా విప్పాడు. అందులో మైదానమంతా తెల్లగా ఉంది. మధ్యలో హిందీలో "ఖాళీ జమీన్" అని రాసి ఉంది. ఆయన దాన్ని చూశాడు, సంతని చూశాడు, నన్ను చూశాడు. "ఎక్కడో ఒకచోట ఖాళీ ఉంటుంది కదా భయ్యా?" అన్నాడు హిందీలో. నేను మైకులో తెలుగులో అడిగాను, దోర్లిలో అడిగాను. పెద్దమ్మే బుట్ట దించి అంది: "రేపు రమ్మను. మేకలుంటయి, ఆటిని అడగమను."

సంతంతా నవ్వింది. అర్థం చెప్పాక సాబ్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. తర్వాత బల్లని రోడ్డు దాటించి, పాడుబడిన ఇటుకబట్టీ దగ్గర వేయించాడు. అక్కడ అడ్డొచ్చినవాళ్ళు ఎవరూ లేరు. పెద్దమ్మ రోడ్డు దాటి వచ్చి, మైకుని గరిటెలా పట్టుకుని, "మీరు పార్కు కట్టుకోండ్రి సారూ, నేనొద్దంటలేను. నా జాగ మాత్రం నాకుంచుండ్రి" అంది. నా జన్మలో ఒక్క చమత్కారం కూడా కలపకుండా హిందీలో చెప్పిన మాట అదొక్కటే. సాబ్ నక్షా విప్పి, "ఖాళీ" అన్న మాటని పెన్నుతో కొట్టేశాడు.

కాగితాలు ఎక్కడెక్కడో తిరిగి, ఇన్నేళ్ళకి బిజినెస్ పార్కు వచ్చింది, సరిగ్గా ఆ రోజు బల్ల దిగిన ఇటుకబట్టీ చోట. సేఠు వ్యాపారం ఇప్పుడు నాది. ఆ పార్కులోనే ఒక గదిలో షామియానాలు, కుర్చీలు పెట్టుకున్నాను. పెద్దమ్మ పోయింది. ఆమె చోట మా ఆవిడ కూర్చుంటుంది.

సంత లేని రోజున ఇంటినుంచి గదికి వెళ్ళాలంటే మైదానం మీదుగా దగ్గరదారి. తిన్నగా నడవలేను. ఉప్పు తాతని తప్పించుకుని, గాజులామెని దాటి, కోళ్ళ పక్కనుంచి వంకరటింకరగా పోతాను. పార్కులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు కిటికీలోంచి చూసి, టెంటాయన పొద్దున్నే మొదలెట్టాడనుకుంటారు. అనుకోనీ. పెద్దమ్మ చోటు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, "కొంచెం జరుగు పెద్దమ్మా" అంటాను. ఆమె జరగదు. నేనే చుట్టూ తిరిగి పోతాను.