గేటు గదిలోని రేడియో

ఇరవై ఏళ్లకు పైగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. "రేడియోతో సమయం సరిచూశాను." మూడే మాటలు. కింద నా సంతకం. రాస్తున్నప్పుడే అది అబద్ధమని నాకు తెలుసు. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ల ముందు తల వంచడం చేతకాదు గనుకనే మీకు చెబుతున్నాను.

మాది ఒకప్పుడు గడి, అంటే కోటలాంటి బంగళా, ఉన్న దొరల ఇల్లు. గడి గుమ్మం ముందు కంచు గంట ఉండేది. మా తాత జేబుగడియారం చూసి సైగ చేస్తే జీతగాడు గంట కొట్టేవాడు. దాన్ని బట్టే ఊరు అన్నం తినేది, పనికి పోయేది. నా దాకా వచ్చేసరికి భూములు పోయాయి, గడి కూలింది. జేబుగడియారం మిగిలింది. నేను నిజామాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చేసి, తొంభైల చివర బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో చేరాను. పేరు రాయను.

నా గదిలో ఒక సర్వర్ ఉండేది. గేటు దగ్గర చెరుకు బండ్లకు ఇచ్చే చీటీల మీద టైము పడేది దాని గడియారం నుంచే. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయింది. మిషను ఆగిన ప్రతిసారీ టైము మళ్లీ చేత్తో పెట్టాలి. నియమం ఒకటే. గేటు గదికి వెళ్లి, రేడియోలో వార్తల ముందు వచ్చే బీప్ మోతకు చేతిగడియారం కలుపుకుని, వచ్చి మిషనులో పెట్టి, నోటుబుక్కులో ఆ వాక్యం రాసి సంతకం చేయాలి.

గేటు గదిలో ఉండేది దేవదానం. చర్చికి పోయే కుటుంబం, మితభాషి. అతని తండ్రే మా గడి గంట కొట్టిన జీతగాడు. ఇప్పుడు అర్థమైందా? మా తాతను చూసి గంట కొట్టినవాడి కొడుకు దగ్గరికి వెళ్లి, గుమ్మం బయట నిలబడి, టైము కోసం నేను కాచుకోవాలి. అతను ప్రతిసారీ లేచి కుర్చీ తుడిచి పెట్టేవాడు. అది మర్యాదే. నాకు మాత్రం దెప్పినట్టు ఉండేది.

ఒక ఉదయం కరెంటు పోయి మిషను ఆగింది. నేను గేటుకు వెళ్లలేదు. తాత గడియారం తీసి, దాని ప్రకారం టైము పెట్టాను. వాక్యం రాశాను. సంతకం చేశాను. ఎంత హాయిగా అనిపించిందో చెబితే నమ్మరు. మళ్లీ మా గడియారమే అందరికీ టైము చెబుతోంది!

మర్నాడు గేటు దాటుతుంటే లోపల రేడియో మోత వినిపించింది. జేబులోంచి గడియారం తీసి చూశాను. పదిహేడు నిమిషాలు ముందుంది. గబగబా గదికి వెళ్లి మిషను టైము సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు.

అప్పటికే జరగాల్సింది జరిగింది. గేటు రెండింటికి మూయాలి. ముందు రోజు, రేడియోకు కలుపుకున్న తన చేతిగడియారంలో రెండుకు పది నిమిషాలుందనగా, దేవదానం కోటగిరి రైతుల బండ్లను లోపలికి వదిలాడు. రెండు దాటాక వచ్చిన రెంజల్ రైతులను ఆపేశాడు. వాళ్ల చెరుకు ఎండలో ఇంకో రోజు ఎండింది. కోటగిరి వాళ్ల చీటీల మీద మాత్రం రెండూ ఏడు అని పడింది. ఆ చీటీలు చూసి, తమను ఆపి వాళ్లను మాత్రం రెండు దాటాక వదిలాడని రెంజల్ వాళ్లు మేనేజరు దగ్గరికి వచ్చారు.

విచారణ మూడో రోజు. మేనేజరు తన చేతిగడియారం చూసుకున్నాడు, మిషను చూశాడు. రెండూ ఒక్కటే. నేను సరిచేసిన గడియారమే దేవదానాన్ని పట్టించింది.

"కంప్యూటర్‌కు నీ మీద పగ ఉన్నదా దేవదానం?" అన్నాడు మేనేజరు. "నీ గడియారం చర్చిల కట్టుకో, గేటు కాడ పనికి రాదు."

దేవదానం ఆయన వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు. "దొరా, రేడియో నా రూంల ఉంటది. గా దినం మీరు రాలె కద. మరి గా డబ్బల టైం దేన్ని చూసి పెట్టిండ్రు?"

నేను నిటారుగా నిలబడ్డాను. "నీ రూంల తప్ప దునియల రేడియోలే లేవా?" అన్నాను.

అందరూ నవ్వారు. రెంజల్ వాళ్లు కూడా. నా దగ్గర అప్పటికి రేడియో లేదు.

ఆ సాయంత్రం అతను తాళాలు అప్పగించి, రేడియో చంకన పెట్టుకుని వెళ్లడం కిటికీలోంచి చూశాను. అది ఫ్యాక్టరీది కాదు, అతని సొంతమని అప్పుడే తెలిసింది. మర్నాడు నిజామాబాద్ వెళ్లి ఒక రేడియో కొన్నాను. ఎందుకు? అబద్ధాన్ని వెనక్కి జరిపి నిజం చేద్దామనా? రెంజల్ పొలాల్లో చెరుకు కొట్టే ముఠాలో అతను కలిశాడని తర్వాత విన్నాను. ఫిర్యాదు చేసినవాళ్ల పొలాల్లోనే. బస్సెక్కితే గంట దూరం కూడా లేదు. ఒక్కసారీ వెళ్లలేదు. ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు.

ఫ్యాక్టరీ మూతపడింది. నిజామాబాద్‌లో అద్దె గదిలో ఒక్కణ్నే ఉంటున్నాను. చివరగా పనిచేసిన ఆఫీసులో సర్వర్లకు టైము ఎవరూ పెట్టనక్కర్లేకపోయింది. అవే కాసేపటికోసారి తీగ మీద ఇంకో మిషనును టైమెంత అని అడిగేవి, తేడా ఉంటే దిద్దుకునేవి. అడగడం అంత తేలిక. నాకు నలభై అడుగుల దూరం నడవాల్సి వచ్చింది, నడవలేదు.

క్షమించమని రాయడం లేదు. మీరు దేవదానం కాదు. నోటుబుక్కు ఎప్పుడో చెదలు తిని ఉంటుంది గనుక, దిద్దాల్సిన వాక్యాన్ని ఇక్కడ దిద్దుతున్నాను.

ఆ రోజు రేడియోతో సమయం సరిచూడలేదు. దేవదానం గడియారమే సరైనది.