కొబ్బరినూనె పట్టిన సీట్లు

మొన్న ఎండలు బాగా ముదిరిన రోజుల్లో, అమలాపురంలో సీటు కవర్లు కుట్టే కొట్టు ముందు నా పాత కారు ఆపి వెనక తలుపు తీశానో లేదో, కొట్టతను తల లోపలికి పెట్టి, ముక్కు ఎగబీల్చి, ఇదేం వాసనండీ బాబూ, కొబ్బరినూనె డబ్బా ఏమైనా ఒలికిందాండీ అని అడిగాడు. ఆయ్, ఒలికిందండి, చాలా ఏళ్ళయింది అన్నాను. తోలు ఎక్కడికక్కడ బీటలు వారిపోయిందనీ, మొత్తం పీకేసి కొత్త రెక్సిను కుట్టేస్తే బండి పెళ్ళికూతురిలా ఉంటుందనీ అతను సంబరంగా చెప్పుకుపోతుంటే, పెళ్ళికూతురన్న మాట దగ్గర నాకు లోపలెక్కడో కలుక్కుమంది. ఇంట్లో ఆవిడ పోరు పడలేక తీసుకెళ్ళాను గానీ, ఆ వెనక సీటు మీద ఇంకొకరు కత్తెర పెట్టడం నాకు ఇష్టం లేదని అక్కడే తెలిసొచ్చింది. మళ్ళీ వస్తానండీ అని చెప్పి బండి తిప్పుకుని వచ్చేశాను. ఎందుకు వచ్చేశారని ఆవిడ అడిగితే కొట్టు కట్టేసి ఉందని బొంకాను. మన ఈడు వాళ్ళు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది అల్లవరం దగ్గర ఒక పేట. నాన్న ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ ఒక కామందు గారి దగ్గర పాలేరుగా చేశాడు. పొలం పనులతో పాటు కామందు గారి అంబాసిడర్ కారుని కాలవ రేవు దగ్గర బిందెలతో నీళ్ళు పోసి కడగడం కూడా ఆయన పనే. కడిగిన కారెక్కి కామందు గారు వెళ్ళిపోతే నాన్న కాలవ గట్టు మీద నడుచుకుంటూ ఇంటికొచ్చేవాడు. కొబ్బరికాయల బస్తాలకి ఆ కారులో చోటుండేది, నాన్నకి ఉండేది కాదు. ఆ సంగతి ఆయన ఎన్నడూ బాధగా చెప్పలేదు, అందులో బాధపడవలసింది ఉందని కూడా ఆయనకి తోచలేదేమో. ఆ బాధంతా నేనే మోశాను.

పదో తరగతి తప్పి, డ్రైవింగు నేర్చుకుని, మా పేటలో చాలామంది లాగే నేనూ కువైట్ విమానం ఎక్కాను. అక్కడ ఒకే ఇంట్లో ఇరవై రెండేళ్ళు డ్రైవరుగా చేశాను. ఆ ఇంట్లో ముదురు నీలం రంగు జర్మనీ కారు ఒకటుండేది. తెల్లవారకముందే దాని మీద ఇసక దుమ్ము తుడవడం, యజమాని గుమ్మం దిగేసరికి వెనక తలుపు తీసి నిలబడడం, ఆయన తెల్లటి అంగీ అంచు తలుపులో పడకుండా చూసి మెత్తగా వెయ్యడం, ఇదే నా ఉద్యోగం. ప్రతిసారీ అని చెబితే అతిగా ఉంటుంది గానీ, చాలాసార్లు ఆ తలుపు పట్టుకుని నిలబడి, ఇలాంటి తలుపు ఒకటి మా నాన్నకి తియ్యాలి, ఆయన ఎక్కి కూర్చోవాలి, నేను నడపాలి అనుకునేవాణ్ణి. మనిషికి ఎన్నో కోరికలుంటాయంటారు. నాకు మాత్రం అదొక్కటే పట్టుకుంది.

శాశ్వతంగా తిరిగొచ్చేశాక, రాజమండ్రిలో ఒక డాక్టరు గారు అలాంటి కారే, పదేళ్ళు వాడినది, అదే నీలం రంగుది అమ్ముతున్నారని తెలిసి పరుగెత్తాను. ఈ ముసలి ఏనుగుని తెచ్చి ఎవరు మేపుతారండీ అని మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. నేను వినిపించుకోలేదు. బండి తెచ్చి పేట మధ్యలో ఆపి, దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి, నాన్న కోసం వెనక తలుపు తీశాను. ఆయన ఏమాత్రం మొహమాటపడలేదు. ఎక్కి కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, ఆ తోలు సీటుని గిత్త వీపు నిమిరినట్టు నిమిరి, పోనియ్యరా అబ్బాయ్ అన్నాడు. అల్లవరం దాకా వెళ్ళి తిరిగొచ్చాం. దారిలో అద్దంలో ఆయన మొహం చూసుకుంటూ నడిపాను, ఎదురుగా ఆటోలు వస్తున్నాయో లేదో కూడా సరిగ్గా చూసుకోలేదు. అంత ఆనందం నాకు నా పెళ్ళినాడు కూడా లేదు.

ఇక ఆ బండిని మా సీమలో బతికించడమంటే మాటలా! ఉప్పుగాలికి అడుగంతా తుప్పు పట్టేస్తుంటే వారానికోసారి గొట్టంతో మంచినీళ్ళు కొట్టి కడగాలి. ఎక్కడ ఆపినా నెత్తి మీద కొబ్బరి చెట్టే, కాయ పడితే అద్దం గతేమిటని, చెట్టుకీ చెట్టుకీ మధ్య ఆకాశం కనబడే చోటు వెతుక్కోవాలి. గాలి నింపిన స్ప్రింగుల మీద నిలబడే బండి కనక, నాలుగు రోజులు కదపకపోతే పడుకున్న గేదెలా కిందికి కూలబడిపోయేది. కావలసిన సామాను హైదరాబాదు నుంచి బస్సు పార్శిల్లో రావాలి. అమలాపురంలో మా మేస్త్రి, ఇంజను మీద చెవి ఆనించి జబ్బు చెప్పగల పెద్దమనిషి, నన్ను చూడగానే మళ్ళీ తెచ్చేరాండీ దొరగారిని అని నవ్వేవాడు.

ఈ చాకిరీలో నాకు తోడు నాన్నే. పొద్దున్నే ఇద్దరం కలిసి బండి కడిగేవాళ్ళం, పైభాగం నాది, చక్రాలు ఆయనవి. ఎలకలు చేరి వైర్లు కొరికేస్తుంటే మేస్త్రి కూడా చేతులెత్తేశాడు. నాన్న ఇంజను పక్కన పొగాకు కాడలు కట్టి పెట్టాడు, ఎలక మళ్ళీ వస్తే ఒట్టు. చూశావురా, జర్మనీ వాడికి తెలుసా ఈ మందు అని పేటంతా తిరిగి చెప్పుకున్నాడు. నేనూ ఆయన్ని మెచ్చుకున్నాను. ఆ మెప్పు ఆయన్ని ఎక్కడిదాకా తీసుకెళుతుందో అప్పుడు నాకు తెలియదు.

మా పేటలో ఏ ఆడపిల్ల పెళ్ళయినా చర్చికి మా కారులోనే వెళ్ళాలన్నది ఒక ఆచారం అయిపోయింది. కాదనడం నాకు చేతకాదు, పైగా గర్వం కూడా. అలా ఒక మే నెలలో మా అక్క కూతురి పెళ్ళి వచ్చింది, నాన్నకి ప్రాణమైన మనవరాలు. పెళ్ళి రెండు రోజులుందనగా కారులో ఏసీ ఆగిపోయింది. దానికి కావలసిన సామాను రాలేదు. పోనీలే, మైలు దూరం లేని చర్చికి ఏసీ ఎందుకని ఊరుకున్నాను. పెళ్ళినాటి పొద్దున తలుపు తీసి చూస్తే సీట్లు కొత్తవాటిలా నిగనిగలాడుతున్నాయి. నాన్న బాగా తుడిచాడనుకుని మురిసిపోయానే గానీ, దేనితో తుడిచావని అడగలేదు. వాసనంటారా, కోనసీమలో పుట్టి పెరిగిన ముక్కుకి కొబ్బరినూనె వాసన వేరే తెలుస్తుందా! పెళ్ళివారింట ప్రతి తలలోనూ అదే వాసన.

సంగతేమిటంటే, ఎండకి తోలు బీటలు వారుతోందని నాన్న కొంతకాలంగా బెంగపడుతున్నాడు. ఎద్దుల మెడ పట్టీలకీ తన చెప్పులకీ జీవితమంతా కొబ్బరినూనె పట్టించిన మనిషి. మనవరాలు కూర్చోబోయే సీటు కదా అని, ముందురోజు మధ్యాహ్నం సీసాడు నూనె ఆ తోలుకి తాగించి, గుడ్డతో ఒత్తి తుడిచాడు. చల్లగా ఉన్నంతసేపూ అది పైకి కనబడలేదు.

పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కాట్రేనికోన నుంచి రావడం ఆలస్యమైంది. వాళ్ళు వచ్చేదాకా పెళ్ళికూతురు దిగకూడదని, చర్చి ముందు ఎండలో, ఏసీ లేని కారులో, మా పిల్ల అరగంట పైగా కూర్చుంది. తీరా వాళ్ళొచ్చాక దిగి నాలుగడుగులు వేసిందో లేదో వెనక నుంచి ఆడవాళ్ళు గొల్లుమన్నారు. తెల్లటి పట్టుచీర, నడుము దగ్గర నుంచి కిందిదాకా పసుప్పచ్చటి నూనె మరక. పిల్ల వెనక్కి తిరిగి చూసుకుని ఏడుపు అందుకుంది. మగపెళ్ళివారు ముసిముసిగా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

నాన్న గబగబా వచ్చి, నూనేరా అబ్బాయ్, నేనే రాసేను, తోలు ఎండిపోతందని అన్నాడు. ఏసీ బాగు చేయించనిది నేను, ఆ నిగనిగ చూసి మురిసింది నేను. అయినా నోరు ఆగలేదు. అంతమంది ముందు, పాలేరు బుద్ధులు ఎక్కడికి పోతాయి, నూనె పుయ్యడానికి ఇదేమన్నా ఎద్దుబండి అనుకున్నావా అన్నాను. నేనన్నాను, కువైట్‌లో ఇరవై రెండేళ్ళు ఆయన కోసమే తలుపు తీయడం కలగన్న నేను.

నాన్న చేతులు కట్టుకున్నాడు. తల వంచుకుని, "ఆయ్. తప్పయిపోయిందండి" అన్నాడు.

ఆయ్ అనేది మా వైపు బయటివాళ్ళతో మర్యాదకి అనే మాట, పెద్దవాళ్ళ ముందు ఒప్పుకోలుగా అనే మాట. ఇంట్లో కన్నకొడుకుతో ఏ తండ్రీ అనడు. ఆ మాట, ఆ వంగిన మెడ, ఆ గొంతు నేను చిన్నప్పుడు కామందు గారి అరుగు ముందు ఎన్నిసార్లు చూశానో. ఆయన వెటకారానికి అనలేదు. అలవాటుగా వచ్చేసింది. నన్ను కామందు గారి చోట నిలబెట్టింది మాత్రం నా నోరే.

పిల్ల మేలిముసుగుని వెనక్కి దించి కప్పి, పెళ్ళి జరిపించారు. ఫొటోలన్నీ ముందు నుంచే తీశారు. సాయంత్రానికి ఆ పిల్లే తాతని వాటేసుకుని, నీ వాసన నాకు అంటించి పంపుతున్నావు తాతయ్యా అని నవ్వింది, ఆయన్నీ నవ్వించింది. నేను మాత్రం దగ్గరికి వెళ్ళలేకపోయాను. తప్పు నాదేనని రేపు చెబుదామనుకున్నాను.

ఆ తరవాత నాన్న నాతో మాట్లాడకపోవడమేమీ లేదు. అబ్బాయ్ అనే పిలిచేవాడు, మా ఇంట్లోనే తినేవాడు. కారు జోలికి మాత్రం రాలేదు. పొద్దున్నే నేనొక్కణ్ణే బండి కడుగుతుంటే అరుగు మీద కూర్చుని అటువైపు తిరిగి చుట్ట కాల్చుకునేవాడు. ఆదివారాలు చర్చికి నడిచి వెళ్ళేవాడు. నేను పక్కన ఆపి తలుపు తీస్తే, నువ్వెళ్ళరా, నాకు నడకే బావుంటది అనేవాడు. మొహంలో కోపం ఉంటే బతిమాలి ఉండేవాణ్ణి. ఉండేది కాదు. పెళ్ళినాడు నేనన్న మాట నిజంగానే నమ్మేశాడేమో, ఆ సీటు తనది కాదని నిర్ణయించుకున్నాడేమో అని నాకు భయం. నెలకోసారి చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకునేముందు, ఎవరితోనైనా పొరపొచ్చాలుంటే సరిచేసుకుని రమ్మని పాస్టరు అయ్యగారు చెప్పేవారు. నాన్న పక్కనే మోకరించి, ఆ రొట్టె నోట్లో పెట్టుకునేవాణ్ణి. క్షమించు నాన్నా అనే రెండు మాటలు నాకు రాక కాదు. నా మొహం మండ, సిగ్గు. అలా నాలుగేళ్ళు గడిచిపోయాయి.

ఒక వానాకాలం పొద్దున్న, ఫలహారం చేస్తూ చేస్తూ నాన్న గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. అంబులెన్సుకి ఫోను చేస్తే వస్తోందన్నారు, రాలేదు. నేను బండి గుమ్మం దాకా తెచ్చి వెనక తలుపు తీశాను. మా ఆవిడా నేనూ చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చాం. ఈసారి కాదనలేదు, కాదనే ఓపిక లేదు. తలుపు దగ్గర ఆగాడు. ఊపిరి అందక ఆయాసపడుతూనే, భుజం మీది తువ్వాలు తీసి, రెండు చేతులతో దులిపి, ఆ సీటు మీద పరిచాడు. ముడత లేకుండా సర్దాడు కూడా. సీటు పాడవుద్దిరా అన్నాడు. తరవాత ఆ తువ్వాలు మీద, సీటు అంచున, మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చున్నాడు.

అమలాపురం దాకా అద్దంలో ఆయన్ని చూస్తూనే నడిపాను. వానకి గట్టు రోడ్డంతా గోతులు. ప్రతి గోతిలోనూ ఆయన చేత్తో ఆ తువ్వాలు జరిగిపోకుండా పట్టుకున్నాడు. ఆ రెండు మాటలూ ఇప్పుడు కాదు, తిరిగొచ్చేటప్పుడు చెబుదాం, దారి ఇదే కదా అనుకున్నాను. రెండో రోజు ఆయన్ని తెల్లగుడ్డ కప్పి ఆసుపత్రి వ్యానులో తీసుకొచ్చారు.

ఇప్పుడు మా పేటలో ఎన్ని కార్లో. సిమెంటు రోడ్లు పడ్డాయి, ఎదురొచ్చిన వాళ్ళకి దారివ్వడానికి గట్టు దిగనక్కర్లేదు. పాలేరు అనే మాటకి అర్థం మా పేట పిల్లల్ని అడిగితే తెల్లమొహం వేస్తారు, మంచిదే. మొన్న ఆదివారం చర్చి ముందు ఒక కుర్రాడు కొత్త కారు ఆపితే, వాళ్ళ నాన్న వెనక నుంచి ఫోనులో మాట్లాడుకుంటూ దిగి, తలుపు ధడేలున వేసి, బురద చెప్పులతోనే చక్కా లోపలికి పోయాడు. కారు పాడవుతుందన్న ఆలోచన ఆ మనిషికి కలలో కూడా లేదు. చూసి సంతోషించాను, ఆ కుర్రాడి మీద అసూయపడ్డాను కూడా, దాచడమెందుకు.

తువ్వాలు తీసెయ్యి నాన్నా, ఈ సీటు నీదే, బాగా వెనక్కి జారి కూర్చో అని నేను అనవలసింది. ఎంతసేపు పడుతుంది ఆ మాటకి? ఆ పొద్దున్న నేను ఆయన పంచె అంచు తలుపులో పడకుండా చూసి, తలుపు మెత్తగా వేసి, ముందుకి వెళ్ళి స్టీరింగు దగ్గర కూర్చున్నాను.